బంధమూ, పరుగూ

గ్రీకు భాషలో రెండు మాటలున్నవి. ‘దెస్మోస్’ అంటే బంధం. ‘ద్రోమోస్’ అంటే పరుగు. పరస్పర విరుద్ధంగా కనిపించే ఈ రెండర్థాలనూ ఒకే సమాసంలో ఇమిడ్చి ఇంజనీర్లు ఒక సాంకేతిక పదాన్ని కల్పించుకున్నారు. అది డెస్మోడ్రోమిక్ అనే మాట. కాళ్ళు కట్టివేసినవాడు పరుగెత్తలేడని లోకానుభవం. అయితే కట్టివేసినందువల్లనే వేగంగా పరుగెత్తగలిగిన వస్తువొకటి ప్రపంచంలో ఉన్నది. ఇటలీ దేశంలోని బొలోన్యా నగరంలో తయారైన డుకాటీ మోటారు సైకిళ్ళ ఇంజనులోని కవాటమే ఆ వస్తువు. దానిని నమ్ముకొని ఒక ఇంజనీరు తన జీవితంలో ఎక్కువ భాగం పనిచేశాడు. ఒక కర్మాగారం అర్ధ శతాబ్దానికి పైగా దానిని తన ముద్రగా ధరించింది. చిట్టచివరకు 2024లో ఆ కర్మాగారమే తన మధ్యస్థాయి పందెపు బండ్ల కొత్త ఇంజనులో దానిని విడిచిపెట్టింది. ఈ విడుపు పరాజయమా, వివేకమా అని ఆ బండ్లను ప్రేమించేవారు నేడు తర్కించుకుంటున్నారు. ఈ తర్కానికి సమాధానం వెదకవలసిన చోటు 1979లో అదే కర్మాగారం వెలువరించిన ‘పాంటా’ అనే 500 సి.సి. బండిలో ఉన్నది.

తలుపు తెరిచేవాడు, మూసేవాడు

కవాటమంటే సంస్కృతంలో తలుపు. గుండెలో రక్తం ఒక గదినుంచి మరొక గదికి పోయి మళ్ళీ వెనుకకు రాకుండా ఆపే పొరలకు కూడా వైద్యులు ఈ పేరే పెట్టారు. ఇంజనులోని వాల్వుకు ఇంతకంటె తగిన పేరు లేదు. ప్రతి సిలిండరు తలమీద కనీసం రెండు తలుపులుంటవి. మొదటిది పెట్రోలు తుంపరలు కలిసిన గాలిని లోపలికి రానిస్తుంది. ఆ మిశ్రమం మండి పిస్టనును కిందికి తోసిన తరువాత మిగిలిన పొగను రెండవది వెలుపలికి పోనిస్తుంది. నడుమ మిశ్రమాన్ని నొక్కి మండించే ఘట్టంలో రెండు తలుపులూ గట్టిగా మూసుకొని ఉండాలి. తెరవటం ఆలస్యమైతే ఇంజనుకు ఊపిరాడదు. మూయటం ఆలస్యమైతే పుట్టిన బలం పక్కదారిన పోతుంది. ఇంజను సామర్థ్యంలో పెద్దపాలు ఈ తలుపుల సమయపాలన మీద ఆధారపడి ఉన్నది.

తలుపును తెరిచేది కామ్ అనే చక్రం. అది నిండు గుండ్రంగా ఉండదు. ఒకవైపు గుడ్డు కొన వలె ముందుకు పొడుచుకొని వచ్చి ఉంటుంది. తిరిగేటప్పుడు ఆ కొన తగిలి కవాటాన్ని కిందికి నొక్కుతుంది. కొన దాటిపోగానే మూసే బాధ్యత స్ప్రింగుది. ఆసుపత్రులలోను, కచేరీలలోను తోసి వదిలిపెడితే తనంత తానే మూసుకొనే తలుపులుంటవి. లోకంలోని ఇంజన్లలో బహుభాగం ఈ పద్ధతిమీదనే నడుస్తున్నవి. మెల్లగా నడిచేటప్పుడు దీనిలో లోపమేమీ లేదు.

వేగం పెరిగినప్పుడు మాత్రం చిక్కు వస్తుంది. నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంకు రెండు చుట్లు తిరిగితే కామ్ ఒక చుట్టు తిరుగుతుంది. నిమిషానికి 9,000 చుట్లు తిరిగే ఇంజనులో ప్రతి కవాటమూ సెకనుకు 75 సార్లు తెరుచుకొని 75 సార్లు మూసుకోవాలి. కవాటం బరువు స్వల్పమే అయినా, ఇంత త్వరగా దాని దిశ మార్చాలంటే చాలా బలం కావాలి. చుట్లు రెండు రెట్లయితే కావలసిన బలం నాలుగు రెట్లవుతుంది. ఏదో ఒక వేగం దగ్గర స్ప్రింగు తన పని సకాలంలో పూర్తిచేయలేకపోతుంది. కామ్ ముందుకు సాగిపోగా కవాటం దానినంటి రాలేక గాలిలో తేలిపోతుంది. అప్పుడు పైకి వచ్చే పిస్టను తెరిచివున్న కవాటాన్ని ఢీకొనవచ్చు. కవాటం వంగుతుంది, పిస్టను పగులుతుంది, ఒక్క క్షణంలో ఇంజను పాడైపోతుంది.

స్ప్రింగును మరింత గట్టిదిగా చేస్తే చాలదా అనవచ్చును. చేయవచ్చు. అయితే గట్టి స్ప్రింగును నొక్కటానికే ఇంజను తన బలంలో కొంత ఖర్చు చేయాలి. కామ్ త్వరగా అరుగుతుంది. అదీగాక, 1950 ప్రాంతపు ఉక్కుతో చేసిన స్ప్రింగులు పందేలలో తరచు విరుగుతుండేవి. అందుచేత కొందరు ఇంజనీర్లు మూసే పనినికూడా కామ్‌కే అప్పగించాలని తలపోశారు. తెరవటానికి ఒక కామ్, మూయటానికి మరొక కామ్. తలుపును ఒక చెయ్యి తోస్తుంది, మరొక చెయ్యి లాగుతుంది. కవాటానికి స్వేచ్ఛ అనేది ఎక్కడా లేదు. తేలిపోవటానికి అవకాశమూ లేదు. డెస్మోడ్రోమిక్ అనే మాటకు అర్థమిదే.

ఈ ఆలోచన డుకాటీవారిది కాదు. 1914లో ఫ్రాన్సులోని డెలాజ్ పందెపు కారు ఈ మార్గం తొక్కింది. 1954, 1955 సంవత్సరాలలో ఫాంజియో నడిపిన మెర్సిడెస్ పందెపు కార్లు దీనితోనే విజయాలు సాధించినవి. అయితే పందెంలో గెలిచిన యంత్రం వేరు, బజారులో అమ్మి పదేళ్ళపాటు సామాన్యుని చేత నడిపించదగిన యంత్రం వేరు. ఆ రెంటికీ మధ్యనున్న అగాధాన్ని దాటించినవారు బొలోన్యా నగరంవారు.

రేడియోలనుంచి మోటారు సైకిళ్ళకు

బొలోన్యా ప్రాచీనమైన విద్యాపీఠం. అక్కడి విశ్వవిద్యాలయం 1088లో ఏర్పడినదని ప్రతీతి. ఆ నగరంలో 1926లో ఆంటోనియో కవాలియెరీ డుకాటీ, ఆయన ముగ్గురు కుమారులు అడ్రియానో, బ్రూనో, మార్చెల్లో కలిసి ఒక సంస్థను నెలకొల్పారు. వారు మొదట చేసింది రేడియోలకు కావలసిన కండెన్సర్లు. వ్యాపారం పెరిగి 1935లో నగర శివారైన బోర్గో పానిగాలేలో పెద్ద కర్మాగారం లేచింది. రెండవ ప్రపంచయుద్ధం దానిని కూల్చింది. 1944 అక్టోబరు 12న విమానాలు కురిపించిన బాంబులకు కర్మాగారం నేలమట్టమైంది.

యుద్ధానంతరం ఇటలీలో జనానికి రేడియోలకన్న ముందు ప్రయాణసాధనం కావలసి వచ్చింది. సామాన్యుని వద్ద ఉన్నది సైకిలొక్కటే. దానికి తగిలించుకొనే 48 సి.సి. ఇంజనొకటి టూరిన్ నగరంలో రూపొందింది. దాని పేరు ‘కుచ్చొలో’. ఇటాలియన్ భాషలో కుక్కపిల్ల అని అర్థం. 1946 నుంచి డుకాటీవారు దానిని తమ కర్మాగారంలో తయారుచేయసాగారు. ఇట్లా సైకిలుకు కట్టిన కుక్కపిల్లతో ఒక రేడియో కర్మాగారం మోటారు సైకిళ్ళ మార్గంలోకి వచ్చింది. సంస్థ డుకాటీ కుటుంబం చేతినుంచి జారి ప్రభుత్వం పాలైంది. కాని పేరు మాత్రం నిలిచింది.

1954లో ఆ కర్మాగారంలో ఫాబియో టాలియోనీ అనే యువ ఇంజనీరు చేరాడు. ఆయన 1920లో లూగో ప్రాంతంలో జన్మించాడు. మొదటి ప్రపంచయుద్ధంలో పేరుపొందిన వైమానిక వీరుడు ఫ్రాంచెస్కో బరక్కా పుట్టినదికూడా ఆ లూగోలోనే. టాలియోనీ బొలోన్యా విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివి, డుకాటీలో చేరకముందు మోండియాల్ అనే మరొక మోటారు సైకిళ్ళ సంస్థలో పనిచేశాడు. చేరిన మరుసటి సంవత్సరమే ఆయన రూపొందించిన 100 సి.సి. బండి ఇటలీలోని దూరపు పందేలలో తన తరగతిలో విజయం సాధించింది. ఆ పందేలు ఊళ్ళ మధ్య మామూలు రోడ్లమీద జరిగేవి. అక్కడ గెలిచిన బండిని మరునాడే జనం కొనేవారు. కర్మాగారం బతకాలంటే బండి గెలవాలి. గెలవాలంటే ఇంజను ఎక్కువ చుట్లు తిరగాలి. తిరగాలంటే కవాటాలు తేలిపోకూడదు. టాలియోనీ డెస్మో మార్గాన్ని పట్టటానికి ఇదీ కారణం.

1956 జూలైలో స్వీడన్‌లోని హెదెమోరాలో ఆయన 125 సి.సి. డెస్మో బండి మొదటిసారి పందెంలో దిగింది. మూడు కామ్‌షాఫ్టులతో, నిమిషానికి 12,000కు పైగా చుట్లు తిరిగే చిన్న ఇంజనది. ఆ లెక్కన ప్రతి కవాటమూ సెకనుకు 100 సార్లకు తక్కువ కాకుండా తెరుచుకొని మూసుకొంటుంది. జాన్నీ దెల్యీ ఆంతోనీ అనే యువకుడు దానిని నడిపి, పోటీదారులందరినీ ఒక చుట్టు వెనుకపరిచి గెలిచాడు. ఆ ఆనందం ఎంతోకాలం నిలువలేదు. కొద్ది వారాలలోనే మోంజాలో బండిని పరీక్షిస్తూ అతడు ప్రమాదంలో మరణించాడు. కర్మాగారం తేరుకోవటానికి కొంతకాలం పట్టింది. 1958లో అదే మోంజాలో జరిగిన 125 సి.సి. పందెంలో మొదటి అయిదు స్థానాలూ డుకాటీ బండ్లకే దక్కినవి. అప్పటికి డెస్మో పద్ధతి పందెంలో పనికివస్తుందని ఎవరికీ సందేహం లేకపోయింది. దానిని రోడ్డుమీదికి తేవటానికి మరి పదేళ్ళు పట్టింది. 1968లో ‘మార్క్ 3 డెస్మో’ అనే పేరుతో బజారులోకి వచ్చిన బండ్లు ఈ పద్ధతితో ఎక్కువ సంఖ్యలో తయారైన మొదటి మోటారు సైకిళ్ళు.

చేతిపని ఖరీదు

1971లో టాలియోనీ తన ఒంటి సిలిండరు ఇంజనుకు తోడుగా రెండు సిలిండర్ల 750 సి.సి. ఇంజనును సిద్ధం చేశాడు. ఒక సిలిండరు దాదాపు నేలకు సమాంతరంగా ముందుకు చాచి ఉంటుంది. రెండవది నిటారుగా నిలిచి ఉంటుంది. రెంటి మధ్య కోణం 90 డిగ్రీలు. పక్కనుంచి చూస్తే ఇంగ్లీషు ‘ఎల్’ అక్షరం జ్ఞప్తికి వస్తుంది. 1972 ఏప్రిల్ 23న ఇమోలాలో జరిగిన 200 మైళ్ళ పందెంలో ఈ ఇంజను డెస్మో కవాటాలతో దిగింది. పాల్ స్మార్ట్ మొదటివాడుగా, బ్రూనో స్పజ్జారీ రెండవవాడుగా గమ్యం చేరారు. 1978 జూన్‌లో మైక్ హేల్‌వుడ్, పదకొండేళ్ళ విరామం తరువాత, 38 ఏళ్ళ వయసులో, ఐల్ ఆఫ్ మాన్ దీవికి తిరిగివచ్చి ఇదే వంశానికి చెందిన 900 సి.సి. బండిమీద గెలిచాడు.

కీర్తి వచ్చింది గాని లాభం రాలేదు. దీనికి కారణం ఇంజను పక్కభాగంలోనే కనిపిస్తుంది. కింద తిరిగే క్రాంకునుంచి సిలిండరు తలమీది కామ్‌కు చలనాన్ని చేర్చటానికి ఆయన నిలువు కడ్డీలను, ఏటవాలు పళ్ళున్న గేర్లను వాడాడు. అవి చూడటానికి ఆభరణాలవలె ఉంటవి. కాని ఆ పళ్ళు ఒకదానిలో ఒకటి సరిగా ఇమడాలంటే, అనుభవజ్ఞుడైన పనివాడు ప్రతి ఇంజనులోను పలుచని బిళ్ళలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి సవరించవలసి ఉండేది. సందు ఎక్కువైతే గేర్లు మోత చేస్తవి, తక్కువైతే అరుగుతవి. కంసాలి తూకంవంటి ఈ పనికి గంటలు పట్టేది. అదే కాలంలో జపాను కర్మాగారాలు నాలుగు సిలిండర్ల బండ్లను వేల సంఖ్యలో, తక్కువ ధరకు ఐరోపాలో దింపుతున్నవి. చేతిపని అందం ఎంతటిదైనా, దాని ఖరీదు చెల్లించే కొనుగోలుదారులు కొద్దిమందే.

యాజమాన్యం దీనికొక ఉపాయం ఆలోచించింది. అందరివలె రెండు సిలిండర్లను పక్కపక్కన నిలబెట్టి 350, 500 సి.సి. బండ్లను చేయమన్నది. అవి 1975 ప్రాంతంలో బజారుకు వచ్చినవి. ఈ పథకం టాలియోనీకి ఎంతమాత్రం సమ్మతం కాలేదు. కొనేవారికీ కాలేదు; ఆ బండ్లు అంతగా అమ్ముడుపోలేదు. ఇతరులను అనుకరించి ఖర్చు తగ్గించుకొనే దారి మూసుకుపోయింది. తన స్వభావాన్ని నిలుపుకొంటూ ఖర్చు తగ్గించే దారి ఏదైనా ఉన్నదా అన్న ప్రశ్న మాత్రం మిగిలింది. ఆ ప్రశ్నకు టాలియోనీ ఇచ్చిన జవాబు పాంటా.

విడిచినది, విడవనిది

పాంటా నమూనాను 1977లో మిలాన్ ప్రదర్శనలో చూపారు. 1979లో తయారీ ప్రారంభమైంది. సిలిండరు వ్యాసం 74 మిల్లీమీటర్లు, పిస్టను నడిచే దూరం 58 మిల్లీమీటర్లు; రెండు సిలిండర్లకూ కలిపి ఘనపరిమాణం 499 సి.సి.కి ఒక వెంట్రుకవాసి తక్కువ. పిస్టను నడిచే దూరం తక్కువగా ఉండటం చేత ఎక్కువ చుట్లు తిరిగినా దాని వేగం మితిమీరదు. 9,000 చుట్ల వద్ద లెక్కకడితే సగటున సెకనుకు 17.4 మీటర్లు మాత్రమే అవుతుంది.

ఈ ఇంజనును పాత ఇంజనుతో పోల్చి చూసినవారికి టాలియోనీ వివేచన అర్థమవుతుంది. నిలువు కడ్డీలు పోయినవి. ఏటవాలు గేర్లు పోయినవి. వాటి స్థానంలో లోపలివైపు పళ్ళున్న రెండు రబ్బరు బెల్టులు వచ్చినవి. సిలిండర్ల నడుమ అమర్చిన ఒక ఇరుసును క్రాంకు గేరు సగం వేగంతో తిప్పుతుంది. ఆ ఇరుసునుంచి ఒక్కొక్క బెల్టు ఒక్కొక్క సిలిండరు తలకు పోతుంది. గంటల తరబడి సవరింపులు లేవు. బెల్టును చక్రాలమీదికి ఎక్కించి, గుర్తులు కలిపి, బిగువు సరిచూస్తే చాలు. ధర తక్కువ, చప్పుడు తక్కువ, నూనె అక్కరలేదు. గడువు ప్రకారం మార్చటమొక్కటే దానికి కావలసిన సేవ. క్రాంకుకూడా మారింది. ముక్కలను నొక్కి అతికించి, రోలర్ బేరింగులు తొడిగే పాత పద్ధతిని వదలి, ఒకే ముక్కగా సాగగొట్టిన క్రాంకును, పలుచని చిప్పలవంటి బేరింగులను వాడాడు. సిలిండరు గోడలకు ఇనుప గొట్టం తొడగటం మాని, అల్యూమినియం మీదనే గట్టి లోహపు పూత పూయించాడు. కవాటాల నడుమ కోణాన్ని 80 నుంచి 60 డిగ్రీలకు తగ్గించి, మిశ్రమం మండే గదిని కుదించాడు.

ఇన్ని మార్చినా, మార్చనివి రెండున్నవి. సిలిండర్ల మధ్య 90 డిగ్రీల కోణం ఒకటి. డెస్మో కవాటం రెండవది. పనివాడి గంటలు హరించే పద్ధతులను ఆయన వదులుకున్నాడు. ఇంజనుకు శ్వాసవంటి రెండు సూత్రాలను మాత్రం వదులుకోలేదు. ఏటవాలు గేర్లను ప్రేమించినవారు ఆనాడు బెల్టులను చూసి నొచ్చుకున్నారు. పళ్ళ గేర్ల సంగీతం పోయి రబ్బరు వచ్చిందని పెదవి విరిచారు. కాని ఆ గేర్లు చేసిన పని చలనాన్ని పైకి చేర్చటమే. దానిని మరొకటి అంతకంటె సులువుగా చేయగలిగినప్పుడు గేర్లనే పట్టుకొని వేళ్ళాడటంలో అర్థం లేదని టాలియోనీ భావించి ఉండాలి. కవాటం సంగతి అట్టిది కాదు. ఆనాటి స్ప్రింగులమీద ఆయనకు నమ్మకం కుదరలేదు. అందుకే ఒకే ఇంజనులో ఒక పాతదాన్ని నిర్దయగా తీసివేసి, మరొక పాతదాన్ని పదిలంగా దాచాడు.

90 డిగ్రీల కోణం సంగతికూడా చెప్పుకోదగినదే. ఒక పిస్టను తన దారి చివర ఆగి వెనుకకు మళ్ళే క్షణంలో రెండవది తన దారి నడుమ పూర్తి వేగంతో పోతూ ఉంటుంది. రెండు పిస్టన్ల కుదుపులనూ క్రాంకుకు కట్టిన బరువు చాలావరకు అణచివేస్తుంది. అందుచేత పక్కపక్కన సిలిండర్లున్న బండ్లవలె ఇది చేతులను జలదరింపజేయదు. సిలిండర్లు ఒకదాని వెనుక ఒకటి ఉండటం వల్ల ఇంజను సన్నగా ఉండి, మలుపులలో బండి ఎంత ఒరిగినా నేలకు తగలదు.

శబ్దానికి కూడా ఈ కోణమే మూలం. క్రాంకు రెండు చుట్లు, అనగా 720 డిగ్రీలు, తిరిగేలోగా రెండు సిలిండర్లలోను ఒక్కొక్కసారి మిశ్రమం పేలుతుంది. ఆ పేలుళ్ళు సమానమైన ఎడంతో రావు. మొదటి ఎడం 270 డిగ్రీలు, రెండవది 450 డిగ్రీలు. 90 డిగ్రీలను ఒక మాత్రగా ఎంచితే మొదటిది మూడు మాత్రలు, రెండవది అయిదు మాత్రలు. త్రిశ్రగతి పక్కన ఖండగతి పడినట్లు, ఎనిమిది మాత్రల ఆవృత్తం పదే పదే తిరిగి వస్తుంది. మాత్రాఛందస్సు ఎరిగిన తెలుగు చెవికి ఈ నడక అపరిచితం కాదు. ఒంటి సిలిండరు బండిలోని ఏకస్వరపు దరువుకూ, నాలుగు సిలిండర్ల బండి ఎడతెగని ఈలకూ ఇది భిన్నం.

ఇంజనును మోసే చట్రంకూడా కొత్తదే. సన్నని ఉక్కు గొట్టాలను త్రికోణాలుగా అతికి, వంతెన దూలాలవలె అల్లి, దానికింద ఇంజనును వేలాడదీశారు. ఇంజనుకూడా చట్రంలో భాగమై బరువు మోస్తుంది. వెనుక చక్రాన్ని పట్టివుంచే చెయ్యి ఇంజను పెట్టె వెనుకభాగానికే తగిలించి ఉంటుంది. గొలుసును తిప్పే పళ్ళచక్రానికి ఆ కీలు చేరువలో ఉండటం వల్ల చక్రం ఎగిరిపడినా గొలుసు బిగువు పెద్దగా మారదు. డెలోర్టో కార్బురేటర్లు, మార్జోకీ ఫోర్కులు, బ్రెంబో బ్రేకులు అన్నీ ఇటలీవే. కాలితో తన్నే పనిలేకుండా బటను నొక్కితే ఇంజను ప్రారంభమయ్యేది. 500 సి.సి. బండి గంటకు 180 కిలోమీటర్లు దాటి పోగలగటం ఆనాటికి గొప్ప సంగతే.

వంశవృక్షం

1981లో పాంటా 600 సి.సి.గా పెరిగింది. అదే సంవత్సరంనుంచి 1984 వరకు వరుసగా నాలుగేళ్ళు, పాంటానుంచి పుట్టిన ‘టిటి 2’ అనే పందెపు బండిమీద టోనీ రట్టర్ ఫార్ములా 2 ప్రపంచ విజేత అయ్యాడు. కర్మాగారం ఆర్థికస్థితి మాత్రం మెరుగుపడలేదు. 1983లో కాస్తిల్యోనీ సోదరుల కజీవా సంస్థకు ఇంజన్లు సరఫరా చేయటానికి ఒప్పందం కుదిరింది. 1985లో ఆ సోదరులే కర్మాగారాన్ని కొన్నారు. వారు కొనదలచుకోవటానికి పాంటా ఇంజను ఒక ముఖ్య ఆకర్షణ అయివుండాలి. చేత అమ్మదగిన ఇంజనొకటి ఉండటం వల్లనే ఆ కర్మాగారం తలుపులు మూతపడలేదనటం అతిశయోక్తి కాదు.

టాలియోనీ తరువాతి తరంవాడు మాసిమో బోర్డీ. సిలిండరుకు నాలుగు కవాటాలతో డెస్మో ఇంజను ఎట్లా సాధ్యమో విశ్వవిద్యాలయంలో చదువుకొనేటప్పుడే ఆయన సిద్ధాంత వ్యాసంలో పరిశీలించాడు. 1986లో ఫ్రాన్సులోని బోల్ డోర్ పందెంలో ఆ ఆలోచన రూపుదాల్చింది. నీటితో చల్లబరిచే నాలుగు కవాటాల ఆ ఇంజనుకు అడుగుభాగం పాంటాదే. దానినుంచి 851 పుట్టింది. 1990లో రేమన్ రోష్ దానిమీద సూపర్‌బైక్ ప్రపంచ విజేత అయ్యాడు. 1994లో తంబురీనీ రూపకల్పన చేసిన 916 వచ్చింది. మరొక శాఖలో, గాలితో చల్లబడే రెండు కవాటాల ఇంజను 1993 నాటి మాన్‌స్టర్‌లోను, 2015లో వెలువడిన స్క్రాంబ్లర్‌లోను కొనసాగింది. ఒక మధ్యస్థాయి బండికోసం గీసిన ఇంజను ఇంతటి సంతానాన్ని కనటం యంత్రచరిత్రలో అరుదైన విషయం. టాలియోనీ 2001 జూలై 18న మరణించేనాటికి ఆ వంశం ప్రపంచమంతటా వ్యాపించింది.

బంధం ఖరీదు

డెస్మో కవాటానికి చెల్లించవలసిన మూల్యమొకటి ఉన్నది. స్ప్రింగు ఉన్న ఇంజనులో కవాటానికీ, దానిని తెరిచే మీటకూ మధ్య ఒక్క సందును సరిచూస్తే చాలును. డెస్మోలో తెరిచే మీటకొకటి, మూసే మీటకొకటి, కవాటానికి రెండు సందులు. ఆ సందులు మిల్లీమీటరులో నూరవ పాళ్ళతో కొలిచేవి. పాంటాలో కవాటాలు నాలుగు కాబట్టి సందులు ఎనిమిది. నాలుగు కవాటాల తలలున్న రెండు సిలిండర్ల ఇంజనులో కవాటాలు ఎనిమిది, సందులు పదహారు. ప్రతి సందుకూ తగిన మందంగల బిళ్ళను ఎంచి పెట్టాలి. దీనికి నిపుణుడైన మెకానిక్కు, చాలినంత సమయం కావాలి. బండి యజమాని జేబుకు ఇది తేలికైన భారం కాదు. ఏ చేతిపని భారాన్ని తగ్గించటానికి టాలియోనీ గేర్లను తీసివేశాడో, ఆ భారంలో కొంత కవాటాల రూపంలో మిగిలిపోయింది.

ఈలోగా లోకం మారింది. ఉక్కును మరింత శుద్ధి చేయటం, తీగను మరింత నునుపుగా తీయటం నేర్చుకున్నారు. కంప్యూటర్లతో కామ్ ఆకారాన్ని సున్నితంగా గీసి, స్ప్రింగు అదరకుండా చూడగలుగుతున్నారు. కవాటాలు తేలికయినవి. 1950 ప్రాంతంలో విరిగిపోయిన స్ప్రింగు నేడు లక్ష కిలోమీటర్లు చెక్కుచెదరకుండా పనిచేయగలదు. 2020లో డుకాటీవారు దూరప్రయాణాల బండియైన మల్టీస్ట్రాడా వి4కు స్ప్రింగుల ఇంజను పెట్టారు. దానికి కవాటాల పరీక్ష 60,000 కిలోమీటర్లకొకసారి చాలునన్నారు. 2024లో 890 సి.సి. కొత్త రెండు సిలిండర్ల ఇంజను వెలువడింది. మధ్యస్థాయి పందెపు బండి అయిన పానిగాలే వి2కు దానినే అమర్చారు. అందులోనూ స్ప్రింగులే. సిలిండర్ల మధ్య 90 డిగ్రీల కోణం మాత్రం ఉన్నది. పాంటాలో టాలియోనీ విడవని రెంటిలో ఒకటి నిలిచింది, ఒకటి పోయింది.

అయితే డెస్మో అంతరించలేదు. అత్యధిక వేగంతో తిరిగే నాలుగు సిలిండర్ల పానిగాలే వి4లో అది ఉన్నది. 2023లో ప్రకటించిన 659 సి.సి. ఒంటి సిలిండరు ఇంజనులోకూడా ఉన్నది. ప్రపంచ పందేలలో ఇతర కర్మాగారాలు ఒత్తిడిగల గాలినే స్ప్రింగుగా వాడుతుండగా, డుకాటీవారు డెస్మోతోనే 2007లో కేసీ స్టోనర్‌కు, 2022, 2023 సంవత్సరాలలో ఫ్రాంచెస్కో బఞ్ఞాయాకు ప్రపంచ విజేత స్థానాన్ని సంపాదించిపెట్టారు. చుట్లు మితిమీరిన చోట, స్ప్రింగుకు అందని చోట, ఆ పాత సూత్రం నేటికీ తన ఉపయోగాన్ని రుజువు చేస్తూనే ఉన్నది. రోజూ పనికి పోయివచ్చేవాని బండిలో, సెలవునాడు కొండదారులు ఎక్కి దిగేవాని బండిలో ఆ అవసరం తీరిపోయింది. అక్కడ దానిని నిలపాలంటే నిలపవచ్చు. కాని ఆ ఖర్చు భరించేవాడు బండి యజమాని. ఆచారం కోసం ఇతరుల చేత మూల్యం చెల్లించటం న్యాయమనిపించుకోదు.

ఈ నిర్ణయాన్ని టాలియోనీ సిద్ధాంతానికి ద్రోహమనేవారు పాంటాను మరొకసారి చూడటం మంచిది. ఆ బండిమీద ఆయన చేసిన పనిలో మొదటి పాఠం బెల్టులలో ఉన్నది. తాను ఏళ్ళ తరబడి పెంచిన అందమైన గేర్లను, వాటి పని మరొకటి చేయగలదని తెలిసిన రోజున, ఆయనే స్వయంగా తీసి పక్కన పెట్టాడు. డెస్మోను నిలిపినది కూడా ఆ వివేకంతోనే. అది లేనిదే పని జరగదని తోచినందువల్ల నిలిపాడు. 1979లో ఆ లెక్క ఒక విధంగా తేలింది. 2024లో అదే లెక్కను వేసినవారికి మరొక విధంగా తేలింది. లెక్క వేసే పద్ధతిని ఆయన వారసులు మార్చలేదు. బొలోన్యా వీధులలో నేటికీ పాంటాలు తిరుగుతున్నవి. వాటి యజమానులు అప్పుడప్పుడు ఇంజను తల విప్పి, ఎనిమిది సందులనూ ఓపికగా కొలిచి, బిళ్ళలు మార్చి, మళ్ళీ బిగించి బయలుదేరుతూనే ఉన్నారు.